పదకొండో గది కిటికీ

ఆ పట్నంలో "మేస్త్రీ" అని కేకేస్తే పదిమంది వెనక్కి తిరిగి చూస్తారు. "ఎందుకు మేస్త్రీ" అంటే మాత్రం తిరిగేది ఒక్కడే. ఆ పేరు పెట్టింది కన్నవాళ్ళు కాదు, పని నేర్పిన మేనమామ. పదమూడో ఏట తాపీ చేతికిచ్చిన రోజు నుంచీ ఆ మేనల్లుడు ఆయన ప్రాణం తోడేశాడు. ఇటుకని నీళ్ళల్లో ఎందుకు నానబెట్టాలి? గోడని మూల నుంచే ఎందుకు మొదలుపెట్టాలి? మేనమామ కొన్నాళ్ళు జవాబు చెప్పాడు, కొన్నాళ్ళు మొట్టికాయలు వేశాడు, చివరికి రెండింటికీ విసుగొచ్చి "ఒరేయ్ ఎందుకూ, ఆ బకెట్టిలా తే" అని పిలవడం మొదలుపెట్టాడు. పేరు అలా అతుక్కుపోయింది.

మేనమామకు చదువు రాదు. మేనల్లుడికీ రాలేదు. సంతకం చేయలేని ఆ మేనమామ మాత్రం గోడ పూర్తయ్యాక, ఆరని సిమెంటు మీద, అడుగున ఎడమ మూల, బొటనవేలు గట్టిగా నొక్కి వచ్చేవాడు. మేనల్లుడికీ అదే నేర్పాడు.

"ఇదెందుకు మామయ్యా?"

"గోడ కూలితే ఎవణ్ణి తన్నాలో తెలియాలి కదరా!"

మేస్త్రి వేలిముద్ర మరొకరిది అనుకునే వీలు లేదు. పనిలో చేరిన రెండో నెలలోనే ఎడమ బొటనవేలి మీద సుత్తి పడి, వేలి చివర ఓ పక్కకి వంగిపోయింది. అది గోడ మీద నొక్కితే వంకర చిక్కుడు గింజంత గుంట పడుతుంది. అతను ఒంటిచేత్తో కట్టిన మొదటి గోడ సొంత ఇంటి వంటగదిది. దానికి తల్లి పసుపు రంగు సున్నం వేయించింది. ఆ గుంట ఇప్పటికీ అక్కడే ఉంది.

అతని పనితనంలో మరో విడ్డూరం ఉంది. భార్య ఇంట్లో మిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కాజాలు, గుండీలు చేతికుట్టు. నలభై దాటాక ఆవిడకి సూది బెజ్జం కనబడటం మానేసింది. అప్పట్నుంచి మేస్త్రి పొద్దున్నే పనికి వెళ్ళేముందు పన్నెండు సూదుల్లో దారం ఎక్కించి, దూదిదిండుకి గుచ్చి వెళ్తాడు. అలా ఆ సూదే అతనికి కొలత అయింది. ఏ గది కట్టినా, పని అయ్యాక నేల మీద నడిమధ్యన చతికిలబడి, జేబులోంచి సూదీ దారం తీస్తాడు. మూడు ప్రయత్నాల్లో దారం ఎక్కలేదా, కిటికీ చిన్నదైందన్నమాట. ఇంటివాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. కానీ అతను కట్టిన ఇళ్ళల్లో పట్టపగలు దీపం వెలిగించుకున్నవాళ్ళు లేరు.

ఇంత ఆరా తీసే మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి ఎందుకని అడగలేదు. ఈ కథంతా దాని గురించే.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఊరి చివర జైలుంది. ఒకప్పుడు అది గిడ్డంగి. ముందు వరసలో ఎనిమిది గదులు, వెనక వరసలో ఎనిమిది. గదికో కిటికీ, ఛాతీ ఎత్తున, ఇనప ఊచలతో. ఒకరోజు ప్రభుత్వం మనిషి వచ్చి, పదహారు కిటికీలూ ఇటుకలతో మూసెయ్యాలన్నాడు. పక్కన తుపాకీ పట్టుకుని ఒకడు నిలబడ్డాడు. ఇటుకని ఎందుకు నానబెట్టాలని మామయ్యని వేధించినవాడు, మనుషులుండే గదికి వెలుతురెందుకు మూసేస్తున్నారని అడగలేదు. భయమేసింది. దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు. లోపలివైపు నుంచి ఇటుక పేర్చి, పైన పూత పూసి, అలవాటు కొద్దీ ఒక్కో కిటికీ అడుగున వేలు నొక్కి, పన్నెండు రోజుల్లో ముగించి వచ్చేశాడు.

మరుసటేడు సమ్మెలు జరిగాయి. మేస్త్రి తమ్ముడు అయిదేళ్ళు చిన్న. ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని. సమ్మె చేసేవాళ్ళ కోసం ఎవరో ఇచ్చిన కరపత్రం కూర్చాడు. అంతే, ఎత్తుకుపోయారు. పంతొమ్మిది నెలల తరవాత వదిలిపెట్టారు. వచ్చిన రోజు అన్నం తింటూ వదినతో ఒక్క మాట అన్నాడు: "పదకొండో నంబరు వదినా. చీకటి." పక్కగదిలో ఉన్న మేస్త్రి విన్నాడు. పదకొండు వెనక వరసలోది. అతని గుండెలో రాయి పడింది, ఇరవయ్యేళ్ళుగా అక్కడే ఉంది.

తమ్ముడు మళ్ళీ ప్రెస్సుకి వెళ్ళలేదు. పైకప్పు లేని పని కావాలని వెతుక్కుని, మొక్కలమ్మే నర్సరీలో చేరాడు. అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోలేదు. వాన గురించి, వదిన మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటారు. జైలు దగ్గరికొచ్చేసరికి మాత్రం మేస్త్రి నోరు పెగిలేది కాదు. దారినపోయేవాణ్ణి ఆపి, నీ గొడుగు పిడి వంకరగా ఎందుకుందని అడిగే మనిషి, సొంత తమ్ముణ్ణి ఒక్క ప్రశ్న అడగలేకపోయాడు.

ఇక ఇప్పటి సంగతి. దేశం ఏదో పెద్ద సంస్థలో చేరబోతోందని రేడియోలో చెప్పారు. చాలా దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థట. చేరితే ఏమొస్తుందంటే, నీళ్ళొస్తాయన్నారు. ఆ పట్నంలో కుళాయి నాలుగు రోజులకోసారి, అదీ గంటసేపు. సంస్థ సాయంతో నీళ్ళు శుభ్రంచేసే ప్లాంటు కట్టి, కొత్త పైపులు వేస్తారట. అయితే ఊరికే కాదు, నలభై మూడు షరతులున్నాయి. కోర్టులు ఇలా ఉండాలి, ఓట్లు అలా లెక్కపెట్టాలి, పత్రికల జోలికి పోకూడదు. ఇరవై తొమ్మిదోది జైళ్ళ గురించి: "ఖైదీ తన గదిలో, పగటిపూట, దీపం లేకుండా ఉత్తరం చదువుకోగలగాలి."

క్షౌరశాలలో దీని మీద పెద్ద రగడే జరిగింది. మంగలి కత్తి గాల్లో ఊపుతూ రెచ్చిపోయాడు.

"మనింట్లో కిటికీ ఎక్కడుండాలో పక్కవీధివాడెవడండీ చెప్పడానికి? అది పెడితేనే నీళ్ళిస్తానంటాడా? ఇదేం పెద్దరికం!"

"ఆ కత్తి కాస్త కిందికి దించు నాయనా," అన్నాడు వంతు కోసం కూర్చున్న రిటైరైన పంతులు. "పక్కవీధివాడు చెప్పేదాకా మనం పెట్టలేదుగా మరి."

"అలాగని ఎవడేం చెప్పినా తలాడిస్తామా? రేపు మీ మీసం తీస్తేనే నీళ్ళంటాడు!"

మేస్త్రి సగం గడ్డంతో, సగం నురగతో కుర్చీలో కూర్చుని ఇద్దరి మాటలూ విన్నాడు. ఇద్దరిదీ నిజమే అనిపించింది, అదే అతనికి చిక్కొచ్చింది. "అది కాదు. అసలు ఈ మాట రాసిందెవరు? ఎక్కడో కూర్చున్నవాడికి మన దొంగాడు ఉత్తరం చదివితే ఏంటి, చదవకపోతే ఏంటి? ఎందుకు రాశాడు?" అన్నాడు. మంగలి మిగతా సగం గడ్డం గీశాడు.

వారం తిరక్కుండా జైలు పనులు చూసే ఇంజనీరు మేస్త్రిని వెతుక్కుంటూ వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు, చంకలో ఫైలు, ముఖాన చెమట. ఇరవై రోజుల్లో సంస్థవాళ్ళు పరిశీలనకి వస్తున్నారట. ఖైదీలందర్నీ అప్పటిదాకా పెద్ద హాల్లోకి మార్చారట.

"ముందు వరస ఎనిమిది గదులకీ కిటికీలు తెరవాలి మేస్త్రిగారూ. అంతే పని."

"వెనక వరస ఎందుకొద్దు సార్?"

"దానికి స్టోరు రూములని బోర్డు పెట్టేస్తామన్నారు జైలరుగారు. టైము లేదు."

"స్టోరులో ఖైదీల్ని ఎందుకు పెడుతున్నారని అడిగితే?"

"పరిశీలన అయ్యేదాకా పెట్టం."

"అయ్యాక ఎందుకు పెడతారు?"

ఇంజనీరు ఫైలు ఒక చంకలోంచి మరో చంకలోకి మార్చాడు. మేస్త్రి ఆగలేదు. పరిశీలకులు భవనం చుట్టూ తిరగరని ఎవరు చెప్పారు? వెనక గోడకి ఒకప్పటి కిటికీల గుర్తులు బయటికి కనిపిస్తున్నాయి కదా, స్టోరుకి ఎనిమిది కిటికీలు ఎందుకుండేవంటే ఏం చెబుతారు? ఇరవై రెండేళ్ళ కిందట ఎందుకు మూశారంటే? ఆ చివరిది తను అప్పుడే అడగాల్సిన ప్రశ్న. ఇరవై రెండేళ్ళు ఆలస్యంగానైనా బయటికొచ్చింది. కుర్రాడికి తల ప్రాణం తోకకొచ్చింది. జైలరు దగ్గరికి తీసుకెళ్తే అక్కడా ఇదే వరస. గంట తరవాత జైలరు రెండు చేతులూ ఎత్తేశాడు.

"తెరవవయ్యా, పదహారూ తెరువు! గడువులోపల అయితే సరి, లేకపోతే నీదే పూచీ!"

గడువు సరిపోదని మేస్త్రికి తెలుసు. అయినా తెల్లారగానే వెళ్ళి, పొద్దుగూకేదాకా ఉలీ సుత్తీ దించకుండా కొట్టాడు. ఇంట్లో భార్య పన్నెండు సూదులూ పక్కింటి కోడలి చేత ఎక్కించుకుంది. "పైపులో నీళ్ళొచ్చేలోపు ఈయన కళ్ళల్లో నీళ్ళొచ్చేట్టున్నాయి," అని నవ్వింది. పదకొండో గది కిటికీ మూసింది తనేనని ఆవిడకి తెలియదని మేస్త్రి అనుకునేవాడు.

ముందు వరస తొమ్మిది రోజులు పట్టింది. వెనక వరసకొచ్చేసరికి అతని చెయ్యి నెమ్మదించింది. తొమ్మిది, పది అయ్యాయి. పదకొండో గది తలుపు తీశాక, వాకిట్లోనే కాసేపు నిలబడ్డాడు. లాంతరు లోపల పెట్టి, మూసిన కిటికీ అడుగున ఎడమ మూల వెతికాడు. వేలిముద్ర ఉంది. కానీ అది తను వేసినట్టు లేదు. మిగతా గదుల్లో ఆ గుంట గరుకుగా, సున్నం పేరుకుని ఉంది. ఇక్కడ నున్నగా, నల్లగా, మెరుస్తూ ఉంది. ఎన్నో వేళ్ళు ఎన్నోసార్లు రాసుకుంటే తప్ప సిమెంటు అలా అరగదు. తన వేలు పెట్టి చూశాడు. గుంట లోతుగా, వదులుగా ఉంది.

ఎవరు పెట్టారు ఇందులో వేలు? ఎందుకు పెట్టారు?

ఆ పూతని ఉలితో చుట్టూ కోసి, ముక్క చెదరకుండా ఊడదీశాడు. రంగంతా అరిగి నల్లబడ్డ, అరచేతిలో పట్టేంత పెళ్ళ. తువ్వాల్లో చుట్టుకుని, ఇటుకలు కూడా కొట్టకుండా, మధ్యాహ్నమే నర్సరీకి నడిచాడు.

తమ్ముడు వరసగా పేర్చిన కుండీల మధ్య వంగి కలుపు తీస్తున్నాడు.

"ఏంటన్నయ్యా, పని ఎగ్గొట్టావా?"

మేస్త్రి తువ్వాలు విప్పి, బోర్లించిన కుండీ మీద ఆ పెళ్ళ పెట్టాడు.

తమ్ముడు దాన్ని చూశాడు. మట్టి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తరవాత కళ్ళు మూసుకున్నాడు. అతని బొటనవేలు తిన్నగా వెళ్ళి ఆ గుంటలో కూర్చుంది. వెతుక్కోలేదు.

"నీకు తెలుసా?" అన్నాడు మేస్త్రి.

"మొదటి వారంలోనే తెలిసింది. చీకట్లో ఏం చేస్తాం? గోడ తడుముకుంటాం. ఓ మూల వేలికి తగిలింది. పురుగేదో తొలిచిందనుకున్నా. తరవాత ఆ వంకర తెలిసింది. మనింట్లో వంటగది గోడకీ ఇదే కదా ఉంది. చిన్నప్పుడు అమ్మ వండుతుంటే అందులో వేలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి."

"మరి నన్నెందుకు అడగలేదురా ఇన్నేళ్ళూ?"

"నువ్వే చెప్తావని చూశా. లోకంలో అందర్నీ అన్నీ అడుగుతావు, నన్ను ఏమీ అడగవు. నీకూ తెలుసని అందుకే అర్థమైంది." తమ్ముడు కళ్ళు తెరిచాడు. "ఇప్పుడు అడుగుతున్నా. ఎందుకు కట్టావన్నయ్యా?"

"ఎందుకు మూస్తున్నారని నేనూ అడగలేదురా. తుపాకీ చూసి భయమేసింది. ఆ ఒక్కసారి అడగలేదు."

మేస్త్రి ఏడ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కుండీల మధ్య నిలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తమ్ముడు ఫరవాలేదని అనలేదు. నీళ్ళ డబ్బా తీసుకుని ఓ వరస మొక్కలకి పోసి వచ్చాడు.

"ఒక నెల రోజులు నిన్ను తిట్టాను. నోటికొచ్చినవన్నీ తిట్టాను. తరవాత తిట్లు అయిపోయాయి. వేలు మాత్రం రోజూ పెట్టేవాణ్ణి," అన్నాడు. తరవాత, ఎప్పట్నుంచో అడగాలనుకున్నట్టు అడిగాడు. "అన్నయ్యా, ఆ గది ఏ రంగులో ఉంటుంది?"

"అదేంటి?"

"అన్నం తోసే కంతలోంచి వెలుతురు కంచం దాకా వచ్చేది. గోడ దాకా రాదు. తీసుకెళ్ళేటప్పుడు, తీసుకొచ్చేటప్పుడు కళ్ళకి గుడ్డ కట్టేవాళ్ళు. పంతొమ్మిది నెలలున్నా గానీ, ఆ గదిని నేనెప్పుడూ చూడలేదు."

మేస్త్రి చెప్పబోయి ఆగిపోయాడు. "నేను చెప్పను. వచ్చి చూడు."

"మళ్ళీ అందులోకా!" అని తమ్ముడు నవ్వాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

పరిశీలన రోజుకి పదహారో గది ఊచలకి వేసిన రంగు ఇంకా ఆరలేదు. వచ్చినవాళ్ళు ముగ్గురు. వాళ్ళల్లో పెద్ద ఒక నెరిసిన జుట్టావిడ. వెంట మన భాషలో చెప్పడానికి ఒకాయన. ఆవిడ ప్రతి గదిలోకీ వెళ్ళి నేల మీద కూర్చుని చూసింది. మేస్త్రికి అది నచ్చింది. సూది లేదు గానీ, పద్ధతి తన పద్ధతే. వరండాలో ఇంజనీరు వారిస్తున్నా వినకుండా ఆవిడకి అడ్డంపడి అడిగేశాడు.

"అమ్మా, ఈ ఉత్తరం చదివే షరతు ఎవరు రాశారు? ఎందుకు రాశారు?"

పక్కనున్నాయన ఆ మాట ఆవిడ భాషలో చెప్పాడు. ఆవిడ ఏదో అంది.

"తెలీదంటున్నారు. ఉద్యోగంలో చేరేసరికే అది ఉందట. తానూ ఎప్పుడూ అడగలేదట. వెళ్ళాక అడుగుతారట," అన్నాడాయన.

ఆవిడ నిజంగానే చిన్న పుస్తకంలో రాసుకుంది. అడిగిందో లేదో మనకి తెలియదు. నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీ ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. ఇరవై తొమ్మిదో షరతు నెగ్గింది. పత్రికల షరతు దగ్గర ఏడాది పేచీ నడిచింది. ఆ తరవాత పైపులకోసం వీధులు తవ్వారు. ఇప్పుడు కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. మంగలి మాత్రం ఇప్పటికీ ఆ నీళ్ళతోనే గడ్డాలు తడుపుతూ ఆ సంస్థని తిడుతున్నాడు.

చివర్లో ఆవిడ ఒక పని అడిగింది. జైలు ఉద్యోగి కానివాళ్ళెవరైనా గదిలో కూర్చుని, తానిచ్చిన, మన భాషలో అచ్చేసిన కాగితం చదవాలట. అందరూ మేస్త్రి వైపు చూశారు. మేస్త్రి నేల వైపు చూశాడు.

"నాకు చదువు రాదమ్మా. మా తమ్ముడికి వచ్చు. గేటు బయటే ఉన్నాడు."

తమ్ముడు ఆ పొద్దున్నే వచ్చాడు. గేటు దగ్గర ఆపేస్తే, అక్కడే నిలబడి ఉన్నాడు. లోపలికి తీసుకొచ్చాక, ఏ గది అని ఎవరూ చెప్పకముందే అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక వరసకి నడిచి, పదకొండో గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. జైలరు కొత్తవాడు కాబట్టి, అతనికి అందులో వింతేమీ కనిపించలేదు.

తమ్ముడు కాగితం అందుకున్నాడు గానీ, దానివైపు చూడలేదు. తలెత్తి గోడలు చూస్తున్నాడు. ఒక గోడ, తరవాత ఇంకొకటి. నిమిషం గడిచింది. ఇంజనీరు మేస్త్రి చెవి దగ్గరికి వంగాడు.

"చదవమనండి మేస్త్రిగారూ, కనబడటం లేదని రాసేస్తారు!"

"ఉండండి సార్. వాణ్ణి చూసుకోనివ్వండి."

అప్పుడు తమ్ముడు కాగితం వైపు తల దించి, గొంతు సవరించుకుని, గడగడా మొత్తం చదివేశాడు. చదివి, "మూడో లైన్లో మాటల మధ్య ఖాళీ ఎక్కువైంది. ఎవరు కూర్చారో గానీ సరిగ్గా కూర్చలేదు," అన్నాడు. పక్కనున్నాయన అది కూడా ఆవిడకి చెప్పాడు. ఆవిడ నవ్వి, పుస్తకంలో గుర్తు పెట్టుకుంది. అందరూ వరండాలోకి నడిచారు.

తమ్ముడు లేవలేదు. మేస్త్రి వాకిట్లో ఆగాడు.

"నీలమా?" అన్నాడు తమ్ముడు.

"నీలమే. లేత నీలం. అప్పట్నుంచీ అదే."

"నేను పసుపనుకున్నానన్నయ్యా. ఉన్నన్నాళ్ళూ పసుపే అనుకున్నా."

మేస్త్రి తమ్ముణ్ణి ఈసారి అడిగాడు. "పసుపని ఎందుకనుకున్నావురా?"

"మన వంటగది గోడ పసుపే కదా."

మేస్త్రి లోపలికి వచ్చి, తమ్ముడి పక్కన నేల మీద కూర్చున్నాడు.